సర్వరీ బేగం వడ్డించిన నీళ్ళ పప్పు

పాల్వంచ పాత బస్తీలో సర్వరీ బేగానికి కోపిష్టి అని పేరు. ఎవరైనా ఆమెను చూసి "పాపం" అన్నారంటే చేతిలో పని వదిలేసి మరీ వెంటపడుతుంది. "ఎవర్నే పాపం అంటున్నవ్? నీ గడపకొచ్చి అడుక్కున్ననా?" అని గల్లీ మలుపు దాకా తరుముతుంది. అన్నవాళ్ళు మళ్ళీ ఆ మాట అనరు.

భర్త షుకూర్ మాత్రం నెమ్మదస్తుడు. బస్టాండు పక్కన గోనెపట్టా పరుచుకుని వానాకాలం గొడుగులు, మిగతా రోజుల్లో కుక్కర్లు, గ్యాస్ పొయ్యిలు బాగుచేస్తాడు. ఇద్దరికీ కలిపి ఒకటే కిరాయి గది. అందులో ఒక చాప, రెండు బొంతలు, ఒక ట్రంకుపెట్టె, షుకూర్ ఎవరో పారేసిన ముక్కలతో నిలబెట్టిన పొయ్యి, కుక్కరు, ఫ్యాను. గది ఊడ్చేటప్పుడు చీపురుకు ఏదీ అడ్డు రాకూడదన్నది సర్వరీ బేగం పట్టుదల. ఖమ్మంలో చెప్పుల దుకాణం నడిపే ఆమె తమ్ముడి కొడుకు ఖాలిద్ ఒకసారి పెద్ద టీవీ ఆటోలో వేసుకుని వచ్చాడు. ఆమె గుమ్మంలోనే ఆపేసింది.

"ఇది పెట్టినంక మేమెక్కడ పడుకోవాలె బేటా?" అంది.

"గోడకు తగిలిస్తారు పుప్పమ్మా, జాగ పట్టదు."

"గోడ కూడా నాకు ఖాళీగుంటేనే మంచిగుంటది. చాయ్ తాగి, మళ్ళ ఆటోల పెట్టుకుని పో."

పిసినారితనం కాదది. ఇంటికి వచ్చినవాళ్ళు తినకుండా పోలేదు ఏనాడూ. రోజూ జొన్నరొట్టె, పచ్చిపులుసుతో గడిపినా శుక్రవారం ఖీమా ఉండాల్సిందే. ఖీమా దగ్గర పొదుపు మాటెత్తితే షుకూర్‌కు కూడా చీవాట్లు తప్పవు. ఆమెకు ఏది కావాలో ఆమెకు తెలుసు, ఏది అక్కర్లేదో ఇంకా బాగా తెలుసు. "నాకు సరిపోతది" అనేది ఆమె తరచూ అనే మాట. ఆ మాట వల్లే ఇంత గొడవ జరిగింది.

ఆమె పనిచేసేది భద్రాచలం రోడ్డు మీద, టేకు చెట్లు మొదలయ్యే చోట ఉన్న ఆడపిల్లల హాస్టల్లో. పట్నం పెద్దమనుషులు కలిసి పెట్టిన ట్రస్టు నడుపుతుంది దాన్ని. చుట్టుపక్కల లంబాడీ తండాల నుంచి, కోయగూడేల నుంచి వచ్చిన పిల్లలు అక్కడుండి పక్క ఊరి బడిలో చదువుకుంటారు. రాత్రి షిఫ్టు చేసిన పవర్ ప్లాంటు కార్మికులు నిద్రమొహాలతో బస్సు దిగుతుంటే సర్వరీ బేగం అదే బస్సు ఎక్కుతుంది. ఆమె, రామక్క అనే మరో వంటమనిషి కలిసి అంతమంది పిల్లలకూ వండిపెడతారు. పిల్లలు ఆమెను పెద్దమ్మా అంటారు. అన్నం పారేస్తే తిడుతుంది, తినకుండా లేస్తే ఇంకా గట్టిగా తిడుతుంది.

హాస్టల్ మేనేజర్ రామ్‌చందర్‌ది పెనుబల్లి వైపు. మెత్తగా మాట్లాడతాడు. ఎంత మెత్తగా అంటే, లేదు అన్న మాట కూడా అవతలివాళ్ళకు ఇచ్చినట్టే వినిపిస్తుంది. పోయిన వానాకాలం చివర ఆయన వంటింటి గుమ్మంలోకి వచ్చి, "బేగం గారూ, మీ జీవితం మీద చిన్న వీడియో తీద్దామనుకుంటున్నామండి" అన్నాడు.

"నా జీవితం మీదనా? ఏముంది సార్ అండ్ల తీసేటందుకు?"

"అదేనండీ గొప్ప. ఏమీ లేకున్నా ఎంత తృప్తిగా ఉంటారో చూపిద్దాం. ట్రస్టు వాళ్ళు చూస్తారు. ఈ చలికాలానికి పిల్లలకు వేడినీళ్ళ మిషన్ అడుగుదాం."

ఏమీ లేకున్నా అన్న మాట ఆమెకు గుచ్చుకుంది. కానీ అడవి అంచున మార్గశిరం చలిలో ఆ పిల్లలు వణుక్కుంటూ తలస్నానం చేయడం ఆమె కళ్ళారా చూసింది. సరే అంది.

కెమెరా పట్టుకుని ఇద్దరు కుర్రాళ్ళు పాల్వంచలోని గదికి వచ్చారు. వచ్చీ రాగానే ఒకడు కుక్కరు వైపు చూశాడు.

"అమ్మా, అది కొంచెం కనపడకుండా పెడదామా? ఒక మట్టికుండ ఉంటే బాగుంటది."

"కుక్కర్ ఏం తప్పు చేసింది?"

"అంటే, సింపుల్‌గా కనపడాలె గదా. ఆ ఫోను గూడ దాచిపెట్టండి. ఫ్యాను బంద్ చేద్దాం. ఇంకొంచెం పాత చీర ఉందా?"

సర్వరీ బేగం మొహం ఎర్రబడింది. "నా ఇంట్ల ఉన్నది దాచిపెట్టి, లేని కుండ తెచ్చిపెట్టి నన్ను తృప్తి గల్లదాన్ని చేస్తరా? మంచి చీర కట్టుకుంటే నా తృప్తి ఎగిరిపోతదా?"

షుకూర్ అడ్డుపడ్డాడు. వాళ్ళిద్దరూ ఇంట్లో ఉర్దూలోనే మాట్లాడుకుంటారు. పిల్లల వేడినీళ్ళ కోసం ఒక్క పూట ఓర్చుకో అని నచ్చజెప్పాడు. ఎదురింటి వాళ్ళ దగ్గర కుండ, మట్టి చిప్ప దొరికాయి. ఫ్యాను ఆపిన గదిలో, చెమటలు కారుతుంటే, వెలిసిన చీరలో, ముందు ఆ మట్టి చిప్పతో ఆమె కూర్చుంది, ఎలా గడుస్తుందని వాళ్ళడిగితే ఎప్పటిలాగే "నాకు సరిపోతది" అంది. వాళ్ళు పోయాక ఆ కుండనూ చిప్పనూ కడిగి ఎదురింట్లో ఇచ్చేసి వచ్చి, షుకూర్‌తో ఆ పూట మాట్లాడలేదు.

కొన్నాళ్ళకు హాస్టల్ భోజనాల హాల్లో పెద్ద పోస్టరు వెలిసింది. చిప్ప ముందు సర్వరీ బేగం. కింద లావు అక్షరాలతో, ఉన్నదాంతో సరిపెట్టుకునేవారికి లోటు లేదు అని రాసి ఉంది. "పెద్దమ్మా, సినిమా హీరోయిన్‌వి అయినవ్!" అని పిల్లలు చుట్టూ చేరి నవ్వారు. ఆమె కసిరింది కానీ లోలోపల కొంచెం సంతోషపడింది కూడా. ఎవరూ చూడట్లేదనుకుని కొంగుతో ఆ పోస్టరు మీద దుమ్ము తుడవడం రామక్క ఒకసారి చూసింది.

వేడినీళ్ళ మిషన్ రాలేదు. దసరా సెలవులు అయి పిల్లలు తిరిగొచ్చేసరికి వంటింట్లోకి వచ్చే సామాను తగ్గింది. పప్పు సగం ఇచ్చి అదే మందికి వండమన్నారు. పాలు పలచబడ్డాయి. వారంలో చాలా రోజులు పెట్టే గుడ్డు ఆదివారానికి మిగిలింది. సరుకు ఆలస్యమైందేమో అని మొదట్లో ఆమె అనుకుంది. పప్పులో నీళ్ళు పోస్తూ, చింతపండు పిసికి రుచి తేవడానికి నానా తంటాలు పడింది. అదే సమయంలో హాస్టల్ వెనక కొత్త గెస్ట్‌హౌస్ లేచింది. ట్రస్టు వాళ్ళు వచ్చినప్పుడు ఉండటానికట. పాలరాయి పరిచారు. లారీలో ఏసీలు దిగాయి. దింపేవాళ్ళకు చాయ్ పెట్టింది కూడా ఈమే.

ఉషారాణి అని ఎనిమిదో తరగతి పిల్ల. ఏన్కూరు వైపు ఒక తండా నుంచి వచ్చింది. పరుగు పందేల్లో జిల్లా దాకా పోయింది. పొద్దున్నే మట్టిరోడ్డు మీద పరిగెత్తి వచ్చి, ఆవురావురుమంటూ కంచం ముందు కూర్చుంటుంది. ఒకరోజు ఆ పిల్ల ఇంకో గరిటె కూర అడిగింది. గిన్నెలో కూర లేదు. సర్వరీ బేగం అడుగు గీకి పెట్టబోతుంటే అక్కడే నిలబడ్డ రామ్‌చందర్ ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేసి పోస్టరు వైపు తిప్పాడు.

"చూడు తల్లీ. ఆమె నీకంటే ఎంత పెద్దది, ఎంత కష్టం చేస్తది? ఎంత తక్కువ తిని ఎంత సంతోషంగా ఉంటదో చూడు. నీకు ఒక్క గరిటె చాలదా?"

ఉషారాణి లేచి కంచం కడుక్కోవడానికి పోయింది. సర్వరీ బేగం చేతిలో గరిటెతోనే వెనకాల నల్లా దగ్గరికి వెళ్ళింది.

"ఏందే, మొహం అట్ల పెట్టుకున్నవ్?"

ఆ పిల్ల తల ఎత్తలేదు. "నువ్వెందుకు గట్ల చెప్పినవ్ పెద్దమ్మా?"

"నేనేం చెప్పిన?"

"నీకు సరిపోతదని చెప్పినవ్ గదా వీడియోల. గందుకే మాకు తగ్గించిన్రంట. గుడ్డు అడిగినా, పాలు అడిగినా సారు నిన్నే చూపిస్తడు. నీకు సరిపోతే మాకు సరిపోవాల్నా?"

చెంప మీద కొట్టినట్టయింది సర్వరీ బేగానికి. ఇన్నాళ్ళూ ఎవరి మీద కోపం వచ్చినా అది నోటి దాకా వచ్చి వెళ్ళిపోయేది. ఈసారి కడుపులోకి దిగింది. తన బతుకులో తనకు నచ్చిన విషయాన్ని, తను ఎవరినీ అడగకుండా కట్టుకున్న గౌరవాన్ని, ఎత్తుకుపోయి పిల్లల నోటికి తాళంలా వేశారు. తండాల్లో, గూడేల్లో పుట్టిన పిల్లలకు తక్కువతో బతకడం ఎవరు నేర్పాలి? వాళ్ళ తల్లిదండ్రులు, తాతముత్తాతలు అలాగే బతికారు. అది నేర్పడానికి ఏసీ గదులు కట్టుకునేవాళ్ళు పట్నం నుంచి దిగిరావాలా?

గరిటె పట్టుకునే ఆఫీసు గదిలోకి పోయింది.

"సార్, పిల్లలకు గుడ్లు ఎందుకు ఆపిన్రు?"

"ఆపలేదమ్మా, సర్దుబాటు చేశాం. ఈసారి ఖర్చులు ఎక్కువైనాయి."

"గెస్ట్‌హౌస్‌కు సర్దుబాటు లేదా?"

"అది వేరే పద్దు, అమ్మా." ఆయన కుర్చీ చూపించాడు. ఆమె కూర్చోలేదు. "బేగం గారూ, మీరే ఇట్ల మాట్లాడితే ఎట్లండి? మీరెంత తక్కువలో బతుకుతున్నారు! మిమ్మల్ని చూసి మాలాంటోళ్ళమే నేర్చుకోవాలె."

"అయితే మీరు నేర్చుకోన్రి. మీ ఇంట్ల గుడ్డు ఆపుకోన్రి. నా కడుపు నాది సార్. సగం తింటనో, మొత్తం తింటనో నా ఇష్టం. ఎదిగే పిల్ల కంచంల కెళ్ళి తీసేసి దానికి నా బొమ్మ చూపిస్తే అది తృప్తి కాదు, దొంగతనం."

"పెద్ద మాట అంటున్నారమ్మా."

"చిన్న మాట దొరకలేదు. ముందు ఆ బొమ్మ తీయించున్రి."

"వచ్చే ఆదివారం ట్రస్టు వాళ్ళు వస్తున్నారు. అందరి ముందు మీకు సన్మానం పెట్టాం. అయినంక చూద్దాం" అన్నాడాయన, అదే మెత్తదనంతో.

ఇంటికొచ్చి షుకూర్‌కు చెప్పింది. ఆయన గొడుగు ఊచ వంచుతూ విన్నాడు. "పని పోతే?" అన్నాడు.

"పోతే పోతది. అజీ, నేను తక్కువ తిని బతుకుత అన్నది నిజమే. నా పేరు చెప్పి పిల్లల్ని ఎండబెడుతుంటే ఆ తక్కువ కూడ నాకు అరగదు."

ఆయన తల ఊపాడు.

ఆదివారం ట్రస్టు వాళ్ళు కార్లలో వచ్చారు. అతిథుల కోసం కోడికూర, గుడ్ల పులుసు, బగారా అన్నం, జీడిపప్పు వేసిన సేమ్యా వండమని ముందే చెప్పారు. పిల్లలకు ఎప్పటి పప్పే. రెండు వంటలూ సర్వరీ బేగమే చేసింది. చివరికి పొయ్యి ఆపి రామక్కతో చెప్పింది.

"రామక్కా, నేనొకటి చేస్త. నువ్వు ఏం తెల్వనట్టు ఉండు. పిల్లలున్నరు నీకు."

రామక్క ఆమె మొహం చూసి అర్థం చేసుకుంది. "నేను తెల్వనట్టు ఉంటే అంత పెద్ద గిన్నె నువ్వొక్కదానివే ఎట్ల మోస్తవ్ సర్వరక్కా?" అంది.

ముందు సభ జరిగింది. రామ్‌చందర్ మైకులో ఆమె గురించి చాలా చెప్పాడు. "ఈ తల్లిని చూసి మన పిల్లలు తక్కువతో బతకడం నేర్చుకుంటున్నారు" అన్నాడు. కుర్చీల్లోవాళ్ళు చప్పట్లు కొట్టారు. కింద పట్టాల మీద కూర్చున్న పిల్లలు కొట్టలేదు. శాలువా కప్పితే ఆమె కప్పించుకుంది. రెండు మాటలు చెప్పమంటే, "వడ్డన టైం అయింది" అని దిగి వచ్చేసింది.

అతిథులు గెస్ట్‌హౌస్ వరండాలో బల్లల ముందు కూర్చున్నారు. సర్వరీ బేగం గిన్నె తెచ్చి ఒక్కొక్కరికీ ముద్ద అన్నం, మీద పలచటి పప్పు పోసింది. పప్పు కంచమంతా పారింది. ట్రస్టు పెద్దాయన, తెల్లజుట్టు మనిషి, మురిసిపోయాడు. "బాగుంది, పిల్లలు తినేదే మాకూ పెడుతున్నారన్నమాట!" అని కలుపుకున్నాడు. రెండు ముద్దలు తిని చుట్టూ చూశాడు.

"కూర తెస్తారా అమ్మా?"

"లేదు సార్."

"పెరుగు?"

"ఇంతే సార్. పిల్లలకు రోజూ ఇంతే పెడుతున్నం. సరిపెట్టుకోన్రి. గోడ మీద రాసిన్రు గదా, సరిపెట్టుకుంటే లోటు ఉండదని."

రామ్‌చందర్ లేచి నిలబడ్డాడు. మొదటిసారి ఆయన గొంతులో మెత్తదనం పోయింది. "ఏం చేస్తున్నావ్ నువ్వు? వండిన కోడికూర ఎక్కడ? అతిథులను పిలిచి అవమానం చేస్తావా?"

"అవమానమా?" సర్వరీ బేగం గిన్నె బల్ల మీద దభీమని పెట్టింది. "పిల్లలు నెలల తరబడి తింటే తృప్తి, మీరు ఒక్క పూట తింటే అవమానమా? నాకు సన్మానం చేసిన్రు గదా, తక్కువ తింటనని. తినున్రి మీరు గూడ. మీకు గూడ సన్మానం చేస్తరు."

పెద్దాయన భార్య కంచం పక్కకు నెట్టి లేచింది. నేరుగా పిల్లల హాల్లోకి నడిచింది. అక్కడ రామక్క కోడికూర వడ్డిస్తోంది. పిల్లలు తలలు వంచుకుని, ఎవరైనా వచ్చి లాక్కుంటారేమో అన్నట్టు గబగబా తింటున్నారు. ఆమె ఉషారాణి పక్కన ఆగి, "రోజూ ఇట్లాగే పెడతారా అమ్మా?" అని అడిగింది.

"ఇయ్యాలే" అంది ఉషారాణి, నోట్లో ముద్దతో.

అతిథులు ఆ పూట గెస్ట్‌హౌస్‌లో ఉండకుండానే కార్లెక్కారు.

మర్నాడు బస్సు దిగి వచ్చేసరికి గేటు దగ్గర వాచ్‌మన్ ఆపాడు. లోపలికి రానియ్యొద్దన్నారని, తల పక్కకు తిప్పుకుని చెప్పాడు. సర్వరీ బేగం గేటు పట్టుకుని అరిచిన అరుపులు బడికి పోయే పిల్లలంతా విన్నారు. ఆ పిల్లలు ఫోన్లలో ఇళ్ళకు చెప్పారు. రెండు రోజుల్లో ఉషారాణి తండ్రి తుల్సీరాం తండా మనుషులను వెంటబెట్టుకుని వచ్చాడు. గూడేల నుంచీ తల్లులు వచ్చారు. గేటు ముందు పట్టాలు వేసుకుని కూర్చున్నారు. "మా పిల్లలకు తిండి పెట్టలేకపోతే పెట్టలేమని చెప్పున్రి. ఆకలైతే తప్పని మాత్రం చెప్పకున్రి" అన్నాడు తుల్సీరాం, బయటికొచ్చిన రామ్‌చందర్‌తో.

గుడ్లు మళ్ళీ వచ్చాయి. పప్పు చిక్కబడింది. కొత్త సంవత్సరంలో పిల్లల ఆహారం మెరుగుపరచాలని తామే నిర్ణయించుకున్నామని ట్రస్టు వాళ్ళు ప్రకటించుకున్నారు. పోస్టరును ఒక పొద్దున ఎవరో చింపేశారు. ఎవరు చింపారో అడిగితే హాల్లో పిల్లలందరూ చేతులెత్తారట. ఈ సంగతులన్నీ రామక్క ఫోన్ చేసి చెప్పింది. రామ్‌చందర్ అక్కడే ఉన్నాడు, మెత్తగానే మాట్లాడుతున్నాడు. రామక్క మీద చర్య తీసుకోలేదు, వండేవాళ్ళు ఇంకెవరూ లేరు కాబట్టి.

సర్వరీ బేగాన్ని మాత్రం తిరిగి తీసుకోలేదు.

గల్లీలో వాళ్ళు ఓదార్చబోయారు. పిల్లలకు మంచి జరిగింది, అంతటితో తృప్తిపడు, నీకేం పెద్ద ఖర్చులున్నాయి అన్నారు. ఆ మాట అన్నవాళ్ళను ఆమె గల్లీ మలుపు దాకా కాదు, మెయిన్ రోడ్డు దాకా తరిమింది. "తక్కువతో బతికేదాని ఉద్యోగం తీసేసినా ఫరవాలేదా? నాకు తక్కువ చాలు అంటే, నాది మీరు గుంజుకోవచ్చని కాదు!"

పేపరు విలేకరి ఒకతను ఇంటికి వచ్చాడు. చాప మీద కూర్చుని, గది అంతా కలయజూసి, "పిల్లల కోసం మీరు ఉద్యోగం త్యాగం చేశారు కదమ్మా" అన్నాడు.

"త్యాగం లేదు గీగం లేదు. నేనేం వదులుకోలేదు. వాళ్ళు తీసేసిన్రు. గట్లనే రాయి. కాయితం ఇయ్యకుండ, కారణం చెప్పకుండ తీసేసిన్రు. ఆ పని నాకు కావాలె. అది గూడ రాయి."

అతను రాసుకున్నాడు. మర్నాడు పేపర్లో త్యాగమయి అనే వచ్చింది. షుకూర్ చదివి వినిపిస్తే ఆ పేపరు లాక్కుని పొయ్యిలో పెట్టబోయింది. గ్యాస్ పొయ్యి అని గుర్తొచ్చి, చించి బయట పారేసింది.

ఇప్పుడామె పొద్దున్నే రొట్టెలు కాల్చి బస్టాండులో షుకూర్ పక్కన కూర్చుని షిఫ్టు దిగేవాళ్ళకు అమ్ముతోంది. శుక్రవారం ఖీమా మానలేదు, కొంచెం తక్కువ తెస్తున్నారంతే. తన పని తనకు ఇప్పించమని అడగడానికి వీలైనప్పుడల్లా బస్సెక్కి కొత్తగూడెంలో లేబర్ ఆఫీసుకు పోతుంది. పోయిన వారం అక్కడి గుమాస్తా, "సార్ లేడమ్మా, ఎందుకు ఊరికె తిరుగుతవ్, ఈ వయసులో నీకు ఇంట్ల కూసోరాదా?" అన్నాడు.

"ఎప్పుడొస్తడు సార్?"

"తెల్వదు. సాయంత్రం కావొచ్చు."

"సరే" అని అతని బల్లకు ఎదురుగా ఉన్న కుర్చీ గుంజుకుని, సంచి ఒళ్ళో పెట్టుకుని, అతని మొహంలోకే చూస్తూ కూర్చుంది.